ఆ బొమ్మ మీద పల్చటి కాగితం ఎందుకు?

పోయిన నెల ఈ శీర్షికలో పాత కథల పుస్తకాల బొమ్మల గురించి నాలుగు మాటలు రాస్తే, ఎప్పుడూ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. ట్రంకుపెట్టెలు తెరిచి పుస్తకాలు బయటికి తీసినవాళ్ళు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట కొన్నవాటికి ఫోటోలు తీసి పంపినవాళ్ళు, పిల్లలకు ఏం చూపించాలి ఏం చూపించకూడదు అని అడిగినవాళ్ళు. చాలా సంతోషంగా ఉంది. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఇక్కడ తీసుకుంటున్నాను. పేరు వేయొద్దని కొందరు కోరారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ఒక అమ్మమ్మ, నల్లకుంట: మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఇంగ్లీషు గ్రిమ్ కథల పుస్తకం దొరికింది. రంగుల బొమ్మలు పేజీ మీద అచ్చయినవి కావు, ముదురు రంగు కాగితం మీద విడిగా అంటించి ఉన్నాయి. ఒక్కో బొమ్మ మీదా పల్చటి కాగితం కప్పి ఉంది. చెట్లకు ముక్కులూ చేతులూ ఉన్నట్టు కనిపిస్తాయి. ఎవరైనా ఇంట్లో అంటించుకున్నారా? ఆ పల్చటి కాగితాలు చిరుగుతున్నాయి, తీసేయమంటారా?

అమ్మా, ముందు ఆ కాగితాలు తీయకండి. సెలోటేపు అసలే వేయకండి, అది కొన్నేళ్ళకు పచ్చబడి మరక కింద దాకా దిగుతుంది, ఆ మరక ఇక పోదు. ఇంట్లో ఎవరో అంటించింది కాదు, ఆ పుస్తకం తయారైందే అలా. మీరు పంపిన ఫోటోలో చెట్టు వేళ్ళు చూడగానే తెలిసిపోయింది, అవి ఆర్థర్ ర్యాకమ్ బొమ్మలు. ఆయన 1900లో గ్రిమ్ సోదరులు సేకరించిన ఈ జర్మన్ జానపద కథలకు బొమ్మలేశారు, తర్వాత చాలావాటిని మళ్ళీ సరిదిద్ది, కొత్తవి చేర్చి 1909లో 40 రంగుల బొమ్మలతో పెద్ద పుస్తకంగా తెచ్చారు. మీది ఆ ఏడాదిదా, తర్వాత వేసిందా అన్నది మొదటి పేజీల్లో సంవత్సరం చూస్తే తెలుస్తుంది.

అంటించడం ఎందుకంటే, అప్పటికి రంగుల అచ్చులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. బొమ్మను రంగుటద్దాల గుండా మూడుసార్లు ఫోటో తీస్తారు, మూడు బ్లాకులు చేస్తారు, పసుపు, ఎరుపు, నీలం ఒకదాని మీద ఒకటి అచ్చేస్తారు, సన్న సన్న చుక్కలన్నీ కలిసి కంటికి అన్ని రంగులూ కనిపిస్తాయి. ఆ చుక్కలు గరుకు కాగితం మీద సరిగా పడవు, నున్నటి ఆర్ట్ పేపర్ కావాలి. కథ మాత్రం మందపాటి గరుకు కాగితం మీద అచ్చయ్యేది. అందుకని బొమ్మలను వేరే కాగితం మీద అచ్చేసి, ఒక్కొక్కటే చేత్తో పై అంచుకు జిగురు రాసి అంటించేవాళ్ళు, ఎదుటి పేజీ రాపిడి తగలకుండా మీద పల్చటి కాగితం కప్పేవాళ్ళు. చాలా పుస్తకాల్లో బొమ్మ పేరు ఆ పల్చటి కాగితం మీదే ఉంటుంది. అంటే మొదట పేరు చదువుతాం, తర్వాత కాగితం పక్కకు తీస్తాం, అప్పుడు బొమ్మ కనిపిస్తుంది. పెళ్ళిలో అడ్డుతెర దించినట్టు.

ర్యాకమ్ 1867లో లండన్‌లో పుట్టారు. పగలు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం ఆర్ట్ స్కూలు, ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. 1905లో రిప్ వాన్ వింకిల్ కథకు 51 రంగుల బొమ్మలు వేశాక పేరొచ్చింది. ఆయన చేసింది ఏమిటంటే ముందు ఇండియన్ ఇంకుతో గీత గీయడం, దాని మీద పల్చటి నీటిరంగు పూతలు ఒకదాని మీద ఒకటి వేయడం, అంతా ఎండుటాకు రంగు, మట్టి రంగు, సాయంకాలపు పసుపు. అచ్చులో ఆ మూడు బ్లాకులూ వెంట్రుకవాసి పక్కకు జరిగినా గీత బొమ్మను పట్టి ఉంచుతుంది. ప్రెస్సులో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి వేసిన బొమ్మ అది. ఇక ఆ చెట్లు! చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల కింద సాయంత్రం ఆగి ఊడల వైపు చూస్తూ ఉంటే కాసేపటికి ఒక మోకాలు, ఒక బోడితల, ఒక ముసలి చెయ్యి కనిపిస్తాయి కదా, ర్యాకమ్ ఆ చూపును కాగితం మీదికి తెచ్చారు. చెట్టుకు ముఖం అతికించినట్టు ఉండదు, ముఖం బెరడులోంచి పుట్టినట్టు ఉంటుంది, ఉందా లేదా అన్న అనుమానం మిగులుతుంది.

మీ పుస్తకం చూస్తే నా స్కూలు రోజులు గుర్తొచ్చాయి. అక్కడి లైబ్రరీలో ఇలాంటి పుస్తకమే ఒకటుండేది, కానీ సగానికి పైగా బొమ్మలను ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. పల్చటి కాగితాలు, వాటి మీద పేర్లు, కింద గోధుమరంగు ఖాళీ జాగా మాత్రం మిగిలాయి. నేను ఆ పేర్లు చదివి, కథలో ఆ వాక్యం ఎక్కడుందో వెతికి, ఇన్ని సంఘటనల్లో బొమ్మకు దీన్నే ఎందుకు ఎంచుకున్నారా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. పెద్దయ్యాక అసలు బొమ్మలు చూశాను. నేను ఊహించుకున్నది ఎప్పుడూ పెద్ద గొడవ జరిగే క్షణం, ర్యాకమ్ వేసింది మాత్రం చాలాసార్లు దానికి ఒక్క అడుగు ముందరి క్షణం. తలుపు ఇంకా తెరుచుకోలేదు, పిల్ల ఇంకా వెనక్కి తిరగలేదు. అప్పటినుంచి ఏ కథ బొమ్మ చూసినా నేను మొదట చూసేది అదే.

పుస్తకాన్ని పడుకోబెట్టి ఉంచండి, ఎండ తగలనివ్వకండి, మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం వాడి చేత్తోనే మెల్లగా పక్కకు తీయించండి.

ఒక తల్లి, కూకట్‌పల్లి: ఎర్ర టోపీ పిల్ల కథకు పాత నలుపు తెలుపు బొమ్మ ఒకటి ఫోన్‌లో చూపించాను. తోడేలు అమ్మమ్మ టోపీ పెట్టుకుని మంచం మీద ఉంది, పాప పక్కనే ఉంది. మా అయిదేళ్ళ పాప ఆ రాత్రి నిద్రపోలేదు. అలాంటివి చూపించడం తప్పా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

తప్పు చేశానని బాధపడకండి. మీరు చూపించింది గుస్తావ్ దొరే బొమ్మ, 1862లో ఫ్రెంచి రచయిత పెరో కథలకు వేసింది. దొరే చెక్క దిమ్మల మీద బొమ్మ గీసేవారు, చెక్కడంలో ఆరితేరిన పనివాళ్ళు గీత గీతకూ పక్కన కొయ్యను తొలిచి అచ్చుకు సిద్ధం చేసేవాళ్ళు. ఆ బొమ్మలో బూడిదరంగు అనుకున్నదంతా దగ్గరగా చూస్తే వేలకొద్దీ సన్నటి గీతలు.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్రిమ్ సోదరులు చెప్పిన కథలో వేటగాడు వచ్చి తోడేలు కడుపు కోసి పాపనూ అమ్మమ్మనూ బయటికి తీస్తాడు. పెరో చెప్పిన కథలో ఎవరూ రారు. తోడేలు పాపను తినేస్తుంది, అక్కడితో కథ అయిపోయింది. దొరే బొమ్మ వేసింది రెండోదానికి, అందుకే అందులో ఎక్కడా ఓదార్పు లేదు. అయినా చూడండి, ఆయన తెరిచిన నోరూ పళ్ళూ రక్తం ఏదీ వేయలేదు. పాప అరవడం లేదు, పారిపోవడం లేదు, దుప్పటి దగ్గరికి లాక్కుని పక్కకు చూస్తోంది అంతే. అమ్మమ్మ కాదని ఆ పిల్లకు ఇప్పుడిప్పుడే అనుమానం తగిలింది, ఆ అనుమానాన్నే దొరే పట్టుకున్నారు. మీ పాపకు నిద్ర పట్టకపోవడానికి కారణం తోడేలు కంటే ఆ చూపే అయి ఉంటుంది. పిల్లలు ఎదుటి పిల్లల ముఖాన్ని మనకంటే బాగా చదువుతారు.

నా సలహా చెప్తాను. ఆ బొమ్మను దాచేయకండి, దాచేస్తే అది వాళ్ళ ఊహలో ఇంకా పెద్దదవుతుంది. పగటి పూట, మీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో కాకుండా కాగితం మీద ప్రింటు తీసి చూపించండి. ఫోన్‌లో బొమ్మ చీకట్లో వెలుగుతుంది, ముఖం మీదికి వస్తుంది. కాగితం మీద బొమ్మ కాగితంలా ఉంటుంది, పిల్ల దాన్ని వేలితో తాకగలదు, తోడేలు టోపీకి లేసు ఎన్ని మడతలుందో లెక్కపెట్టగలదు. "ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావు?" అని అడగండి. మంచం దిగి పారిపోతానంటే పారిపోనివ్వండి, వేటగాణ్ణి పిలుస్తానంటే పిలవనివ్వండి, అతని బొమ్మ పక్క కాగితం మీద తననే వేయమనండి. వారం తర్వాత కూడా భయం పోకపోతే ఒక ఏడాది పక్కన పెట్టండి, ఆ బొమ్మ ఎక్కడికీ పోదు, నూట అరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉంది.

బి.ఎఫ్.ఏ. విద్యార్థి, మాసబ్‌ట్యాంక్: నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలనుకుంటున్నాను. ర్యాకమ్, దులాక్ ఇద్దరిలో ఎవర్ని చూసి నేర్చుకోవాలి? ఈ పనితో బతకగలమా?

బాబూ, ఇద్దర్నీ చూడు, కానీ వేరువేరు కారణాలకు చూడు. గీత కోసం ర్యాకమ్, రంగు కోసం ఎడ్మండ్ దులాక్. దులాక్ 1882లో ఫ్రాన్స్‌లో తులూజ్‌లో పుట్టారు, లా చదువు మొదలుపెట్టి వదిలేసి బొమ్మల వైపు వచ్చారు, లండన్ చేరారు, 1907లో అరేబియన్ నైట్స్ కథలకు 50 రంగుల బొమ్మలు వేశారు. అప్పటికి రంగుల అచ్చు ఇంకాస్త కుదురుకుంది, బొమ్మను పట్టి ఉంచడానికి నల్ల గీత అవసరం తగ్గింది, దాంతో ఆయన రంగుతోనే ఆకారం చెప్పేశారు. ఆయన నీలం చూడు. రాత్రి నీలం, నీటి నీలం, మంచు మీద పడే నీడ నీలం, ఏ రెండూ ఒకటి కావు. 1911లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ కథలకు వేసినవాటిలో రాజకుమారి పరుపుల గుట్ట మీద కూర్చున్న బొమ్మ ఉంది. కింద ఒక్క బఠాణీ గింజ ఉందని కథ చెప్తుంది, బొమ్మలో ఆ గింజ కనబడదు, పైన కూర్చున్న పిల్లకు నిద్ర లేదన్న సంగతి కనబడుతుంది. కనబడనిదాన్ని నమ్మించడం నేర్చుకోవాలంటే ఆ ఒక్క బొమ్మ ముందు వారం రోజులు కూర్చోవచ్చు.

దులాక్‌ను అనుకరించే ముందు ఆయన ఎవర్ని చూశారో చూడు. పర్షియన్, మొఘల్ చిన్నబొమ్మలు, జపాన్ చెక్క అచ్చు బొమ్మలు. వాటికోసం నువ్వు లండన్ వెళ్ళక్కర్లేదు, బస్సెక్కి సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళు. అక్కడి మినియేచర్ గది ముందు జనం ఆగరు, అందరూ గంట కొట్టే గడియారం దగ్గరికీ ముసుగు వేసుకున్న పాలరాతి రెబెకా దగ్గరికీ పరుగెత్తుతారు, నీకు కావలసినంత ఖాళీ దొరుకుతుంది. దక్కనీ బొమ్మల్లో ఆకాశం బంగారు రంగులో ఉన్నా, గడ్డి మీద వంకాయ రంగు పడినా కంటికి తప్పుగా అనిపించదు. ఎందుకని? పక్కన ఏ రంగు పెట్టారో నోట్‌బుక్‌లో చిన్న గళ్ళు గీసి రాసుకో. ఒక్కో గంటకు ఒక్క బొమ్మ చాలు. తర్వాత వీలైతే సిద్దిపేట జిల్లా చేర్యాల వెళ్ళు. అక్కడి నకాషీ పటం గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి తయారవుతుంది, వెనక ఎర్ర రంగు, మీద గళ్ళు గళ్ళుగా కథ. కథ చెప్పేవాళ్ళు పటం విప్పుతూ చెప్పేవాళ్ళు. ఎక్కడ ఒక గడి ఆపాలి, ఎక్కడ కథను తర్వాతి గడిలోకి దూకించాలి అన్నది వాళ్ళకు తెలిసినంత బాగా నాకు తెలిసిన చాలామంది ఆర్టిస్టులకు తెలియదు.

బతకడం గురించి నిజమే చెప్తాను. ర్యాకమ్ బాగానే బతికారు. పుస్తకం వచ్చినప్పుడల్లా లండన్‌లో గ్యాలరీ వాళ్ళు అసలు బొమ్మలను ప్రదర్శనకు పెట్టి అమ్మేవాళ్ళు, సంతకం చేసిన ఖరీదైన ప్రతులు విడిగా పోయేవి. ఇంకో మనిషి కే నీల్సన్, డెన్మార్క్ ఆయన, 1914లో నార్వే జానపద కథలకు బొమ్మలేశారు. తెల్ల ఎలుగుబంటి వీపు మీద కూర్చుని వెళ్ళే పిల్ల, సముద్రం మీదుగా వీచే ఉత్తరగాలి, సన్నగా సాగిన మనుషులు, నల్లటి ఆకాశంలో నగిషీ పనిలాంటి నక్షత్రాలు. నా కంటికి ఆ కాలంలో వచ్చిన అన్నిటికంటే అందమైన బొమ్మలు అవే. కానీ అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఖరీదైన బొమ్మల పుస్తకాల రోజులు వెళ్ళిపోయాయి. ఆయన తర్వాత అమెరికా వెళ్ళి డిస్నీలో పనిచేశారు, ఆ పని కూడా నిలవలేదు, 1957లో పేదరికంలో పోయారు. ఆయన పోయిన 32 ఏళ్ళకు, 1989లో వచ్చిన లిటిల్ మెర్‌మెయిడ్ సినిమా టైటిల్స్‌లో ఆయన పేరు వేశారు, ఎందుకంటే ఎప్పుడో ఆయన గీసి పెట్టిన బొమ్మలు వాళ్ళకు అప్పుడు పనికొచ్చాయి. ఈ రెండు జీవితాలూ చెప్పాను, ఒకటి దాచి రెండోది చెప్తే నీకు అన్యాయం చేసినట్టు. ర్యాకమ్‌లా పగటి ఉద్యోగం పెట్టుకుని సాయంత్రాలు బొమ్మకు ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు.

రిటైర్డ్ ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్: సోవియట్ పుస్తకాలు విశాలాంధ్రలో చవగ్గా దొరికే రోజుల్లో రష్యన్ జానపద కథలు కొన్నాను. ఒకదాంట్లో ప్రతి పేజీ చుట్టూ పూలూ పుట్టగొడుగులతో అంచు ఉండేది. ఒక అమ్మాయి చీకటి అడవిలో పుర్రెను కర్రకు గుచ్చి పట్టుకుని నిలబడి ఉంటుంది. అట్ట చిరిగిపోయింది, ఆర్టిస్టు పేరు తెలుసుకోవాలనుంది.

మీరు చెప్పిన గుర్తులన్నీ ఇవాన్ బిలిబిన్‌వండీ. ఆ అమ్మాయి వసిలీస. ఇంట్లో నిప్పు ఆరిపోతే, అడవిలో ఉండే బాబా యగా అనే మంత్రగత్తె దగ్గరికి నిప్పు కోసం పంపిస్తారు, ఆమె కళ్ళలోంచి వెలుగు వచ్చే పుర్రె ఇచ్చి పంపిస్తుంది. బిలిబిన్ 1899 నుంచి వరసగా ఈ కథలకు బొమ్మలేశారు, అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. బాబా యగా రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ ఎగిరే బొమ్మ కూడా మీ పుస్తకంలో ఉండాలి, చూడండి. మన పిల్లలకు రోలూ రోకలీ తెలుసు కాబట్టి (ఇప్పుడు మిక్సీలు వచ్చాయి, అయినా అమ్మమ్మల ఇళ్ళలో చూసి ఉంటారు) ఆ బొమ్మ వాళ్ళకు చప్పున అందుతుంది.

బిలిబిన్ గీత తీగలాంటిది. మొదటినుంచి చివరిదాకా ఒకే మందం, ఎక్కడా వణుకు లేదు, తోటి ఆర్టిస్టులు ఆయన్ని ఉక్కుచేతి ఇవాన్ అనేవాళ్ళు. ఆ గీతల మధ్య రంగును ఛాయలు లేకుండా చదునుగా నింపేవారు. తర్వాత రష్యా ఉత్తర ప్రాంతాల్లో ఊరూరా తిరిగి పల్లెల చెక్క ఇళ్ళు, కుట్టుపనులు, పాత బట్టలు చూసి గీసుకున్నారు. దేశం వదిలి ఈజిప్టులో, పారిస్‌లో ఏళ్ళ పాటు ఉన్నారు, 1936లో తిరిగి వెళ్ళారు, 1942లో జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టి ఆకలితో మాడ్చిన రోజుల్లో ఆ ఊళ్ళోనే పోయారు. ఊరు వదిలి వెళ్ళలేదు.

వసిలీస బొమ్మను ఇంకోసారి చూడండి. పుర్రె వెలుగుతోంది, ఆ పిల్ల మాత్రం దానివైపు చూడదు. ఆ ఇల్లు దాటి ఒక్క అడుగు వేసి ఆగింది.

ఐటీ ఉద్యోగి, గచ్చిబౌలి: మా పాప గదిలో ఈ బొమ్మలు పెద్దవిగా ప్రింటు తీసి పెట్టాలనుంది. కాపీరైట్ సమస్య వస్తుందా?

మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. దొరే 1883లో పోయారు, ర్యాకమ్ 1939లో, బిలిబిన్ 1942లో, దులాక్ 1953లో, నీల్సన్ 1957లో. అంటే అందరివీ గడువు దాటిపోయాయి, నిశ్చింతగా పెట్టుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాలు మొత్తంగా స్కాన్ చేసి ఉంచారు, అక్కడ పెద్ద సైజు ఫైలు తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చినవి తీసుకోవద్దు.

ప్రింటు సంగతి కొంచెం జాగ్రత్త. నేను ఒకసారి ఊళ్ళో ఒక షాపులో నీల్సన్ బొమ్మ ఇచ్చి చెప్పకుండా వచ్చేశాను. వాళ్ళు మంచి ఉద్దేశంతోనే రంగులు "బ్రైట్" చేసి, ఫ్లెక్స్ మీద నాలుగడుగులు తీసి ఇచ్చారు. నల్లటి ఆకాశం కాస్తా నీలం బ్యానరు అయిపోయింది. ఈ బొమ్మలు ఒళ్ళో పెట్టుకుని చూసే సైజుకు వేసినవి, అడుగు ఎత్తు దాటితే గీత బరువు మారిపోతుంది. మెరుపు లేని మందపాటి కాగితం, ఏ ఫోర్ గానీ ఏ త్రీ గానీ, రంగులు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. పాప కంటి ఎత్తులో పెట్టండి, మీ కంటి ఎత్తులో కాదు.

చాలామంది అడిగింది: ఇప్పుడు ఏఐతో రెండు నిమిషాల్లో ఇలాంటి బొమ్మలు వస్తున్నాయి కదా, ఈ పాతవి ఎందుకు?

వచ్చినవి నాకు కూడా పంపించారు, చూశాను. చెట్లు ఉన్నాయి, పొగమంచు ఉంది, పిల్ల ఉంది. ఆ పిల్ల ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి వెళ్తోందని అడిగితే బొమ్మలో జవాబు దొరకలేదు. ర్యాకమ్ కథను చాలాసార్లు చదివి, వంద సంఘటనల్లో ఒకటి ఎంచుకుని, మిగతా తొంభై తొమ్మిదీ వదులుకున్నారు. నాకు ఆ ఎంపిక కావాలి. మీకు రెండు నిమిషాల బొమ్మ చాలు అనిపిస్తే నాకు అభ్యంతరం లేదు, కానీ పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూపించండి.

టీచరు, వెస్ట్ మారేడ్‌పల్లి: మన చందమామ బొమ్మలు ఈ విదేశీ బొమ్మలకు సాటి వస్తాయా? మీరు వాటి గురించి రాయనేలేదు.

మీ కోపం న్యాయమే, మేడమ్. సాటి వస్తాయి. ఇంకో మాట కూడా అంటాను. ర్యాకమ్ పుస్తకం డబ్బున్నవాళ్ళ ఇంట్లో క్రిస్మస్ కానుక. చందమామ 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టినప్పటినుంచి నెలనెలా రైల్వే స్టేషన్లలో, కిరాణా కొట్ల పక్కన, అద్దె పుస్తకాల షాపుల్లో ఉండేది. మామూలు కాగితం, తొందర గడువులు, అయినా ప్రతి పేజీకీ బొమ్మ. ఆ ఒత్తిడిలో అంత నాణ్యత నిలబెట్టడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది.

చిత్రా గారిని తీసుకోండి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌కు, ఆ తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం కథలకు ఆయన వేసిన కొండలు, గుహలు, వింత మృగాలు ఎక్కడా చూసి వేసినవి కావు, అయినా ఆ లోయలోకి దారి ఎటో మనకు తెలిసిపోయేది. శంకర్ గారి విక్రమార్కుడి బొమ్మ చెప్పనక్కర్లేదు. భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, నెలనెలా అదే బొమ్మ. ఆలోచించండి, ఆయన ఏ క్షణం ఎంచుకున్నారో! బేతాళుడు ప్రశ్న వేయకముందు, రాజు మౌనం వీడకముందు, నడక మధ్యలో. కథ ఎన్నిసార్లు మారినా ఆ బొమ్మ చెల్లింది, దానికి కారణం అదే. శంకర్ గారు 1924లో పుట్టి 2020లో పోయారు, ఆ మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధ. ఇక వడ్డాది పాపయ్య గారు, శ్రీకాకుళం ఆయన, అట్ట మీద మూలన వపా అన్న సంతకం. ఆయన రంగుల గురించి రాయాలంటే ఈ జవాబు చాలదు, ఒక నెల మొత్తం ఆయనకే ఇస్తాను, మాట ఇస్తున్నాను.

బయటివాళ్ళు మన కథలకు వేసినవి కూడా ఉన్నాయి. లాల్ బిహారీ డే గారి బెంగాల్ జానపద కథలకు వార్విక్ గోబుల్ 1912లో 32 రంగుల బొమ్మలేశారు. అందంగా ఉంటాయి, అయితే మడుగూ మెట్లూ చీరకట్టూ అన్నీ దూరంనుంచి చూసినట్టు ఉంటాయి. చిత్రా, శంకర్, వపా బొమ్మల్లో ఆ దూరం లేదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి, మల్కాజ్‌గిరి: ఈ బొమ్మల్లో రాజకుమార్తెలు అందరూ తెల్లగా, సన్నగా, పొడుగు జుట్టుతో ఉంటారు. నేను అలా ఉండను. అయినా ఆ బొమ్మలు నాకు నచ్చుతాయి. నచ్చడం తప్పా?

తప్పు కాదమ్మా. నీ ఉత్తరం చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఆర్టిస్టులు తమ ఊళ్ళో, తమ కాలంలో అందం అని అందరూ అనుకున్నదాన్నే వేశారు, వాళ్ళు చూడనిది వేయలేదు. దులాక్ వేసిన తూర్పుదేశాలు కూడా ఆయన ఊహించుకున్నవే. అది వాళ్ళ లోటు, నీది కాదు. నీల్సన్ బొమ్మల్లో మనుషులు ఎంత సన్నగా పొడుగ్గా ఉంటారంటే ఏ దేశంలోనూ ఎవరూ అలా ఉండరు, ఆయన మనుషుల్ని కొవ్వొత్తుల్లా, చెట్టుకొమ్మల్లా సాగదీశారు. దాన్ని శరీరం కొలతగా కాదు, గీత సాగిన పద్ధతిగా చూడు. ర్యాకమ్ 1919లో సిండ్రెల్లా కథకు నల్లటి నీడబొమ్మలు వేశారు, అక్కడ ఎవరి రంగూ తెలియదు, మెడ వంచిన తీరు, చెయ్యి చాచిన తీరు మాత్రమే తెలుస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళనడిగి తెప్పించుకుని చూడు, నీకు నచ్చుతాయని నాకు గట్టి నమ్మకం.

నీకు ఇష్టమైన కథ ఒకటి తీసుకుని రాజకుమారిని నీలాగా వెయ్యి. నీ జడ, నీ స్కూలు బ్యాగు వేసుకునే భుజం, నీ ముక్కు. ముందు కథను రెండుసార్లు చదువు, ఏ క్షణం వేయాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకో. అయ్యాక నాకు పంపించు, వచ్చే నెల ఈ పేజీలోనే వేస్తాను. కాగితం మడతపెట్టొద్దు, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, మీద పల్చటి కాగితం ఒకటి కప్పి పంపించు.